డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్‌లో మా పొలం మీదుగా వంద అడుగుల రోడ్డు గీశారు. ఇప్పుడేం చేయాలి?

పొలంగట్టు:
అందరికీ నమస్తే. మాది ఉత్తర తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీ. 2018లో చుట్టూ ఉన్న పల్లెల్ని కలిపేసినప్పుడు మా ఊరు కూడా అందులో కలిసింది. పేరుకే వార్డు, చూస్తే మాత్రం అంతా పొలాలే. ఈమధ్య మున్సిపల్ ఆఫీసులో డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ (ఊళ్లో ఏ జాగా దేనికి వాడాలో చెప్పే ప్లాన్) మ్యాపు గోడకు అంటించారు. అభ్యంతరాలుంటే అరవై రోజుల్లో ఇవ్వమన్నారు.

చెరువు కింద నాన్నకు మూడెకరాల చిల్లర పొలం ఉంది, రెండు పంటలూ పండుతుంది. మ్యాపులో ఆ సర్వే నంబర్ మధ్య నుంచి వంద అడుగుల రోడ్డు పోతోంది. మిగిలిన దానికి ఆకుపచ్చ రంగు వేశారు. నాన్నకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. "మనల్ని అడగకుండా మన భూమి మీద గీత ఎవరు గీసిండ్రు?" అని ఒకటే ప్రశ్న. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను, నాకూ దీని గురించి పెద్దగా తెలియదు. భూమి ప్రభుత్వం తీసుకుంటుందా? అమ్మాలనుకుంటే అమ్మొచ్చా? అభ్యంతరం ఎలా రాయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

నక్షా_మాస్టారు:
తమ్ముడూ, ముందు నాన్నగారికి ధైర్యం చెప్పు. మ్యాపులో రంగు వేసినంత మాత్రాన భూమి చేతులు మారదు. పట్టా ఆయనదే, పాస్‌బుక్ ఆయనదే. ఇప్పుడు చేస్తున్న వ్యవసాయం అలాగే చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ప్రభుత్వం నిజంగా రోడ్డు వేయాలనుకున్న రోజు 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇచ్చి తీసుకోవాలి, లేదా మీ ఒప్పుకోలుతో మరో దారి చూడాలి.

అలాగని ఊరుకోవడానికి లేదు. ప్లాన్ ఖరారైతే రేపు అక్కడ ఇల్లు కడదామన్నా, లేఅవుట్ వేద్దామన్నా పర్మిషన్ ఆ రంగును బట్టే వస్తుంది. రోడ్డు పోయే భాగం వదిలితేనే ప్లాన్ పాస్ చేస్తారు. దానికి బదులు టీడీఆర్ బాండో (మరోచోట అదనంగా కట్టుకునే హక్కు, దాన్ని అమ్ముకోవచ్చు), సెట్‌బ్యాక్‌లో (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీలో) సడలింపో ఇస్తారు. ఆకుపచ్చ పడిన చోట మామూలుగా పర్మిషన్ రాదు. ఆ సంగతి కొనేవాడికి తెలుసు కాబట్టి ధర ఆ రోజే పడిపోతుంది. అందుకే ఈ అరవై రోజులూ చాలా విలువైనవి.

నేను టౌన్ ప్లానింగ్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ గీతలు ఎలా పడతాయో చెప్తాను. మొదట శాటిలైట్ ఫొటో మీద బేస్ మ్యాపు తయారు చేస్తారు. ఏ జాగా ఇప్పుడు దేనికి వాడుతున్నారో సర్వే చేస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత జనాభా ఎంత ఉంటుందో అంచనా వేసి, ఇళ్లకు ఇంత, దుకాణాలకు ఇంత, పరిశ్రమలకు ఇంత, పార్కులకు ఇంత అని పంచుతారు. చాలా మున్సిపాలిటీల్లో ఈ పని కన్సల్టెన్సీల చేతిలో ఉంటుంది. డీటీసీపీ (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ) వాళ్లు పరిశీలిస్తారు, కౌన్సిల్ తీర్మానం చేస్తుంది, డ్రాఫ్ట్ బయట పెడతారు. అభ్యంతరాలు విన్న తర్వాత ప్రభుత్వం జీవో ఇస్తే అప్పుడది ఖరారు.

ఎక్కువ తప్పులు జరిగేది గ్రామ నక్షాను (ఊరి రెవెన్యూ మ్యాపును) శాటిలైట్ ఫొటో మీద పరిచే దగ్గర. మన నక్షాలు నిజాం కాలంలో గొలుసుతో కొలిచి గీసినవి. ఫొటోకు అతికించడానికి వాటిని సాగదీస్తే సర్వే నంబర్ల హద్దులు అటూ ఇటూ జరుగుతాయి. మీ పొలం మీద పడ్డ రోడ్డు అసలు పక్కనున్న బండ్ల బాట మీద పడాల్సింది కావచ్చు. ముందు అది చూడు.

ఇంకొకటి. ఆకుపచ్చలో రకాలున్నాయి. పార్కులు, ఆటస్థలాలది ఒకటి, వ్యవసాయ జోన్ ఒకటి, చెరువు చుట్టూ కట్టడాలు లేకుండా వదిలే బఫర్ మరొకటి. మ్యాపు మూలన రంగుల వివరం ఉంటుంది, మీది ఏదో చూసి ఇక్కడ పెట్టు. సమాధానం దాన్నిబట్టే ఉంటుంది.

వాగుపక్క_రైతు:
మాది కామారెడ్డి దగ్గర. మేం ఇదంతా కళ్లారా చూసినం. 2022 చివర్లో డ్రాఫ్ట్ వచ్చింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఎవరో ఫోన్‌లో మ్యాపు పెడితే తెలిసింది, విలీన గ్రామాల పచ్చటి పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో, గ్రీన్ జోన్‌లో, పెద్ద రోడ్ల కింద ఉన్నాయని. పంట పండే భూములు వదిలేసి బీడు భూములు చూడొచ్చు కదా అన్నది మా వాదన.

2023 జనవరిలో కలెక్టరేట్ ముందు ధర్నా, బంద్, హైకోర్టులో కేసులు, అన్నీ అయినయి. అదంతా నడుస్తుండగానే ఒక రైతు ప్రాణం తీసుకున్నడు. ఆ ఇంటి ముందు నిలబడినప్పుడు మ్యాపు ఒట్టి కాగితం అని నాకు అనిపించలేదు. ఇది డ్రాఫ్టే, మార్చవచ్చు అని పైనుంచి చెప్పిండ్రు. నిజమే, చట్టంలో అది డ్రాఫ్టే. ఆ మాట మొదటి రోజే మా ఊరి చావడిలో కూర్చుని చెప్పినవాళ్లు ఒక్కరు ఉన్నా ఇంత దూరం వచ్చేది కాదు. చివరికి జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ డ్రాఫ్ట్‌ను రద్దు చేస్తూ తీర్మానం చేసింది. అదే నెలల జగిత్యాలల కూడా వెనక్కి తీసుకున్నరు.

తమ్ముడూ, ఒక్కడివే పోకు. ఊరంతా కలిసి పోండ్రి. ఇద్దరు ముగ్గురు ఇస్తే ఫైల్ల ఉంటది, ఊరు ఇస్తే మీటింగుల మాట్లాడుకుంటరు.

కొత్తకాలనీ:
రైతుల బాధ అర్థమవుతోంది. కానీ రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. మేముండే కాలనీ మాస్టర్ ప్లాన్ లేకుండా పెరిగింది. పొలాలు గుంటల లెక్కన అమ్మేశారు, ఎవరికి తోచినంత దారి వాళ్లు వదిలారు. మా వీధిలోకి ఫైరింజన్ రాదు, డ్రైనేజీ లేదు. వానాకాలంలో పై కాలనీ నీళ్లన్నీ మా ఇళ్లలోకే, ఎందుకంటే ఒకప్పటి వాగు మీద ప్లాట్లు చేశారు. పిల్లలు ఆడుకోవడానికి గజం జాగా లేదు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ చేయాలన్న రూల్ ఎప్పటినుంచో ఉంది, అప్రూవల్ లేని వెంచర్‌లో ఆ పది శాతం ఎవరిస్తారు?

2020లో ఎల్‌ఆర్‌ఎస్ (అప్రూవల్ లేని ప్లాట్లను ఫీజు కట్టి క్రమబద్ధం చేసుకునే స్కీమ్) పెడితే తెలంగాణ మొత్తంలో 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే అన్ని లక్షల ప్లాట్లు ప్లాన్ లేకుండా పుట్టాయన్నమాట. ప్రతి ఊళ్లో ప్రతి రోడ్డునూ వద్దంటూ పోతే, ఇరవై ఏళ్ల తర్వాత మన పిల్లలు కూడా మాలాగే మోకాలి లోతు నీళ్లలో నిలబడతారు. మాస్టర్ ప్లాన్ రద్దయిన ఊళ్లో లాభపడేది రైతు కాదు, రాత్రికి రాత్రి వెంచర్ వేసేవాడు.

పొలంగట్టు:
@నక్షా_మాస్టారు, చాలా థ్యాంక్స్ సార్. మ్యాపు ఫొటో మళ్లీ చూశాను. మాది వాటర్ బాడీ బఫర్ అని ఉంది.

@కొత్తకాలనీ, అన్నా, రోడ్డు వద్దని నేను అనడం లేదు. ఊరికి రోడ్డు కావాలి. కానీ రోడ్డు వస్తే విలువ పెరిగేది దాని రెండు వైపులా ఉన్న వంద ఎకరాలకు, భూమి పోయేది మాత్రం మా ఒక్కరికి. అది ఏం న్యాయం అన్నదే నాన్న బాధ.

నక్షా_మాస్టారు:
నాన్నగారు అడిగింది ఈ శాస్త్రంలో అసలైన ప్రశ్న. దానికి జవాబు వంద ఏళ్ల కిందటే చట్టంలో ఉంది, మనం వాడుకోవడం లేదంతే. మనకు ఇప్పటికీ వర్తించే టౌన్ ప్లానింగ్ చట్టం 1920 నాటిది, మద్రాసు ప్రెసిడెన్సీలో చేసింది. అందులో టౌన్ ప్లానింగ్ స్కీమ్ అనే పద్ధతి ఉంది. ఒక ప్రాంతంలోని భూములన్నీ కలిపి రోడ్లు, పార్కులు తీసేసి, మిగిలిన జాగాను ఎవరి వాటా ప్రకారం వాళ్లకు సరైన ఆకారంలో ప్లాట్లుగా తిరిగి ఇవ్వడం. అందరూ కొంత కొంత కోల్పోతారు, అందరికీ రోడ్డు వస్తుంది. రోడ్డు పడ్డ ఒక్కడే మునిగిపోడు.

గుజరాత్‌లో 1976 చట్టం కింద ఇదే పద్ధతిలో అహ్మదాబాద్ చుట్టుపక్కల పెద్ద ఎత్తున పని జరిగింది. అక్కడా జాప్యాలు, గొడవలు ఉన్నాయి. అయినా రోడ్డు భారం పంచుకోవాలన్న సూత్రం బతికుంది. మన దగ్గర మాస్టర్ ప్లాన్ గీసి వదిలేస్తారు, స్కీమ్ దాకా పోరు. గీత మీద పడ్డవాడిది దురదృష్టం అన్నట్టు మిగులుతుంది. నా సర్వీసంతా నన్ను బాధపెట్టిన విషయం ఇదే.

ఇక నీ బఫర్ సంగతి. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు బఫర్. అంతకంటే చిన్న చెరువైతే 9 మీటర్లు. మీ చెరువు విస్తీర్ణం ఎంత? ఎఫ్‌టీఎల్ మ్యాపు ఇరిగేషన్ వాళ్ల దగ్గర ఉంటుంది, అడిగి తీసుకో. మూడెకరాలూ బఫర్‌లోకి వచ్చాయంటే అనుమానించాల్సిందే.

తుళ్లూరు_పక్కన:
భూమి పంచుకోవడం అన్నారు కాబట్టి మా సంగతి రెండు మాటలు. 2014 సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టం కింద అమరావతిలో చేసింది ల్యాండ్ పూలింగ్. 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చాం. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్. జరీబుకు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి) వెయ్యి, 450. పదేళ్ల పాటు కౌలు. కాగితం మీద లెక్క బాగుంది. కానీ ప్రభుత్వం మారాక పనులు ఏళ్ల తరబడి ఆగిపోయాయి. అన్నాళ్లూ ఇచ్చిన భూమీ లేకపోయింది, చెప్పిన ప్లాటుకు రోడ్డూ లేకపోయింది. కలిపి పంచే పద్ధతి మంచిదే గానీ, ఇన్నేళ్లలో పూర్తి చేయాలన్న గడువూ, తప్పితే ఏమిటన్న షరతూ చట్టంలోనే ఉండాలి. మేం నమ్మకం మీద ఇచ్చాం, ఆ నమ్మకం ఎన్నికల మీద ఆధారపడింది.

రీడింగ్_తెలుగు:
నేను ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో ఉంటాను, పుట్టింది నిజామాబాద్ జిల్లా. ఇక్కడ లోకల్ కౌన్సిలే లోకల్ ప్లాన్ తయారు చేసుకుంటుంది. మా రీడింగ్ ప్లాన్ 2019 నవంబర్లో ఆమోదం పొందింది. ఎన్ని ఇళ్లు, ఎక్కడ, ఆఫీసులెక్కడ, పార్కులెక్కడ, అన్నీ అందులోనే.

నన్ను ఆకట్టుకున్నది రెండు మెట్లు. ప్లాన్ మొదలయ్యేటప్పుడే "మీ దగ్గర ఇళ్లకు పనికొచ్చే జాగా ఉంటే చెప్పండి" అని భూమి యజమానుల్ని, బిల్డర్లని కౌన్సిల్ బహిరంగంగా అడుగుతుంది. అంటే గీత గీయకముందే ఒక మాట నడుస్తుంది. చివర్లో, డ్రాఫ్ట్ మీద కనీసం ఆరు వారాలు జనం రాసినవన్నీ ఒక ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్తాయి. ఆయన కౌన్సిల్ ఉద్యోగి కాదు. బహిరంగ విచారణ పెడతాడు, కౌన్సిల్ ఆఫీసర్లను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నిస్తాడు. ప్లాన్ సరిగా లేదంటే మార్పులు చేయమంటాడు. ఎవరెవరు ఏం రాశారో, ఇన్‌స్పెక్టర్ ఏం తేల్చాడో మొత్తం వెబ్‌సైట్‌లో ఉంటుంది.

అంతా బాగుందని కాదు. ప్లాన్లు ఏళ్ల తరబడి సాగుతాయి. ఊళ్ల చుట్టూ కట్టడాలు లేకుండా వదిలిన గ్రీన్ బెల్ట్ ముట్టుకోవద్దని ఇప్పటికే ఇళ్లున్నవాళ్లు గట్టిగా పోరాడతారు, ఇళ్లు చాలక కొత్తగా వచ్చినవాళ్లు అద్దెలకే సగం జీతం పోగొట్టుకుంటారు. కానీ గీసినవాడు వేరు, అభ్యంతరం వినేవాడు వేరు. మన దగ్గర ఆ ఒక్కటి ఉన్నా ఎంతో మేలు.

మూడోవార్డు:
నేను ఒక మున్సిపాలిటీలో కౌన్సిలర్‌గా చేశాను. ఆ మాట నిజం. మన దగ్గర అభ్యంతరం వచ్చేది కమిషనర్ పేరు మీద, పరిశీలించేది అదే టౌన్ ప్లానింగ్ సెక్షన్.

కౌన్సిల్ లోపల ఎలా ఉంటుందో చెప్తాను. ఎజెండాలో ఒక్క లైన్ ఉంటుంది, "డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ ఆమోదం గురించి". మ్యాపు ఇంత పెద్దది, ఇంగ్లిష్‌లో ఉంటుంది, సర్వే నంబర్లు కంటికి కనపడవు. మా మీటింగులో నేను లేచి, నా వార్డు ముక్క వేరుగా పెద్దది చేసి తెలుగులో సర్వే నంబర్లతో ఇస్తేనే చేయి ఎత్తుతానన్నాను. చైర్మన్ గారికి కోపం వచ్చింది గానీ ఇచ్చారు. దాన్ని పాత పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి, ముసలాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించాం. కన్సల్టెన్సీ వాళ్లు శ్మశానాన్ని రెసిడెన్షియల్ అని వేసిన సంగతి అప్పుడు బయటపడింది. గొల్లల మందలు పోయే బాట అసలు లేనే లేదు. ఆ బాట సంగతి శాటిలైట్‌కు ఎట్లా తెలుస్తుంది?

మీకు ఇప్పుడు పాలకవర్గం ఉందా, స్పెషల్ ఆఫీసర్ పాలన నడుస్తోందా? స్పెషల్ ఆఫీసర్ ఉంటే తీర్మానం ఆయన సంతకంతో అయిపోతుంది, చర్చ జరిగే చోటే ఉండదు. అలాంటప్పుడు ఇంకా జాగ్రత్త. ఎమ్మెల్యేకు, కలెక్టర్‌కు కాపీలు తప్పక ఇవ్వండి.

హైకోర్టు_దారి:
లాయర్‌ని. కాస్త వెనక్కి వెళ్లి ఒక మాట చెప్తాను, ఎందుకంటే అందరం స్థానిక సంస్థల్ని తిడుతున్నాం గానీ వాటి చేతిలో ఏముందో చూడటం లేదు.

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. 12వ షెడ్యూల్‌లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 పనుల్లో మొదటిది పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగం, కట్టడాల నియంత్రణ. 243జడ్‌డీ అధికరణం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో ఐదింట నాలుగు వంతుల మంది జిల్లా పరిషత్, మున్సిపాలిటీల సభ్యులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లే. పంచాయతీల ప్రణాళికలనీ, మున్సిపాలిటీల ప్రణాళికలనీ కలిపి జిల్లా మొత్తానికి ఒక డ్రాఫ్ట్ తయారు చేయడం వాళ్ల పని. నీళ్ల పంపకం, స్థల ప్రణాళిక, పర్యావరణం అన్నీ చూడాలని అందులోనే రాసి ఉంది.

అది నిజంగా నడిస్తే, ఇండస్ట్రియల్ జోన్ మున్సిపాలిటీ హద్దు లోపలే ఎక్కడో ఇరికించాల్సిన అవసరం ఉండదు. పక్క మండలంలో బంజరు ఉంటే అక్కడికి పంపొచ్చు. మున్సిపాలిటీకి తన హద్దు బయట గీసే హక్కు లేదు, అందుకే ఉన్న పొలాల మీదే అన్నీ పడుతున్నాయి. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి జిల్లా కమిటీలకు నిజమైన పని ఇచ్చారు. మన దగ్గర అధికారం పైన ఉండిపోయింది, తిట్లు మాత్రం కౌన్సిల్‌కు వస్తున్నాయి.

ఇక @పొలంగట్టు, మీ అభ్యంతరం ఇలా రాయండి. "మా భూమి తీసుకోవద్దు" అని ఒక్క వాక్యం రాస్తే పక్కన పెట్టేస్తారు. సర్వే నంబర్, విస్తీర్ణం, పాస్‌బుక్ కాపీ, పహాణీ (భూమి, పంట వివరాల రెవెన్యూ రికార్డు), రెండు పంటలు పండుతున్న రుజువు పెట్టండి. రోడ్డుకు ప్రత్యామ్నాయం చూపించండి, పాత బండ్ల బాట ఉంటే గ్రామ నక్షా మీద ఎర్ర పెన్నుతో గీసి జత చేయండి. బఫర్ గురించి వేరే పేరాలో, చెరువు విస్తీర్ణం, ఎఫ్‌టీఎల్ నుంచి మీ గట్టు దాకా దూరం రాసి, జాయింట్ సర్వే (రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్లు కలిసి కొలవడం) అడగండి. వ్యక్తిగతంగా విచారణకు పిలవాలని చివర్లో స్పష్టంగా కోరండి. ఇన్‌వార్డ్ నంబర్, ముద్ర, తేదీ ఉన్న కాపీ తీసుకోకుండా ఆఫీసు గడప దాటవద్దు. రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తే జడ్జి గారు మొదట అడిగేది గడువులోపు అభ్యంతరం ఇచ్చారా అనే.

దాంతోపాటు ఆర్‌టీఐ కింద బేస్ మ్యాపు, ఎగ్జిస్టింగ్ ల్యాండ్ యూజ్ మ్యాపు, కన్సల్టెన్సీ రిపోర్టు అడగండి. ఇప్పుడు మీ పొలాన్ని వాళ్లు ఏమని నమోదు చేశారో తెలిస్తే సగం కేసు అక్కడే ఉంటుంది. కొన్నిసార్లు వరి మడిని ఖాళీ స్థలం అని రాసేస్తారు.

కొత్తకాలనీ:
లాయర్ గారు చెప్పిన ప్రత్యామ్నాయం మాట నాకు నచ్చింది. మా కాలనీ సంఘం తరఫున మేం కూడా మా మున్సిపాలిటీలో సూచన ఇవ్వాలనుకుంటున్నాం. అభ్యంతరాలే కాకుండా సూచనలు కూడా తీసుకుంటారు కదా? పాత వాగును మ్యాపులో మళ్లీ వాగుగా చూపించమని అడగొచ్చా?

నక్షా_మాస్టారు:
తప్పకుండా అడగొచ్చు, ప్రకటనలోనే అభ్యంతరాలు, సూచనలు అని ఉంటుంది. రెవెన్యూ నక్షాలో వాగు ఉంటే ఆ ప్రతి జత చేయండి. పది మీటర్ల కంటే వెడల్పైన వాగుకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు బఫర్ ఉండాలి. ప్లాన్ ఖరారు కాకముందే ఆ వాగు మ్యాపులో పడితే ఇంకా మిగిలిన ఖాళీ ప్లాట్లకైనా పర్మిషన్ ఆగుతుంది. రైతులు వద్దనడానికి వస్తారు, కాలనీల వాళ్లు ఒక్కరూ రారు. మీరు రండి.

పొలంగట్టు:
అప్‌డేట్. ఊరికి వచ్చాను. మూడోవార్డు అక్క చెప్పినట్టు మా వార్డు ముక్కను పెద్దగా ప్రింట్ తీసి హనుమాన్ గుడి దగ్గర అంటించాం. సాయంత్రానికి ఊరంతా చేరింది. మాస్టారు గారి అనుమానం నిజమే, రోడ్డు పక్కన పాత బండ్ల బాట ఉంది, గ్రామ నక్షాలో రెండు గీతలతో స్పష్టంగా కనిపిస్తోంది. రోడ్డును అటు జరిపితే చాలామంది పొలాలు బతుకుతాయి. బాట పక్కన ఉన్న ఇద్దరికి మాత్రం కొంత పోతుంది. వాళ్లతో మాట్లాడాం, అందరం కలిసి వాళ్లకు తోడుగా పరిహారం అడగాలని అనుకున్నాం. అదీ అర్జీలోనే రాశాం.

చెరువు పది హెక్టార్ల లోపే. మా గట్టు దాకా 9 మీటర్ల కంటే చాలా దూరం ఉంది. జాయింట్ సర్వే అడిగాం. అందరం ట్రాక్టర్లలో వెళ్లి ఎవరి అర్జీ వాళ్లు ఇచ్చి, ముద్ర వేయించుకున్నాం. టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడారు, విచారణకు పిలుస్తామన్నారు. నాన్న తన అర్జీ తానే చదివి వినిపించాడు. విచారణ రోజు ఏమేం తీసుకెళ్లాలి?

హైకోర్టు_దారి:
ఇన్‌వార్డ్ ముద్ర ఉన్న అసలు కాపీ, పాస్‌బుక్, పహాణీలు, సర్వే ఆఫీసు నుంచి సర్టిఫై చేయించిన గ్రామ నక్షా, టిప్పన్ (ఆ సర్వే నంబర్ కొలతల పటం). బాట ఫొటోలు తేదీతో సహా. మీరు చెప్పింది రాసుకున్నారో లేదో చూసి, ఆ కాగితం చదివాకే సంతకం పెట్టండి. నాన్నగారు చదవగలరు కాబట్టి ఆయన్నే మాట్లాడనివ్వండి. బాట పక్కనున్న ఆ ఇద్దరినీ వెంట తీసుకెళ్లండి, వాళ్ల ఒప్పుకోలు అక్కడే రికార్డు కావాలి.

వాగుపక్క_రైతు:
విచారణ తేదీ చెప్పు తమ్ముడూ. మా ఊరి నుంచి కూడా ఇద్దరం వస్తం.